మూత్రాశ్మరియు, యుద్ధగాయములును



ఈ పూట నేను మాటలాడబోవు విషయము నలుగురిలో మాటలాడుట మనకు అలవాటు లేనిది. తలనొప్పి యన్నచో ఇంటిల్లిపాదికి చెప్పుదుము. జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారే వచ్చి పలుకరింతురు. మూత్రము పోయునప్పుడు మంట కలిగినను, ఎఱ్ఱగా పడినను, ధార సన్నగిల్లినను మాత్రము కట్టుకొన్న భార్యకైనను చెప్పక కడుపులో దాచుకొందుము. నలువది యేండ్లకు పైగా శస్త్రవైద్యము చేసినవాడను. ఆ రోగములచే చెడినవారిలో సగము మంది దాపరికముచేతనే చెడిరని నా యనుభవము. కావున కొంచెము సేపు సిగ్గు విడిచి మాటలాడుకొందము. నా వంతుగా, నా చేతిమీదుగా జరిగిన తప్పొకటి మీ యెదుట ఒప్పుకొనెదను.

మొదట మన దేహములోని నీటిపారుదలను గూర్చి చెప్పవలయును. చెరువు, తూము, కాలువ ఎరిగిన మీకు ఇది తెలియుట సులభము. నడుమునకు కొంచెము పైగా, వెన్నెముక కిరుప్రక్కల, పిడికిలి యంతేసి మూత్రపిండములు రెండు కలవు. ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల నీటిని రక్తమునుండి వడగట్టును. అందులో దాదాపు అంతయు తిరిగి రక్తమునకే ఇచ్చివేసి, ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రము మలినములతో గూడ మూత్రముగా వెలికి పంపును. ఆ మూత్రము రెండు సన్నని నాళములగుండ దిగి, మూత్రాశయమను తిత్తిలో చేరును. అచ్చటినుండి ఒకే మార్గమున బయటికి పోవును. ఆ మార్గము స్త్రీలకు పొట్టిది. పురుషులకు పొడవైనది, వంకర గలది. పురుషులకు ఆ మార్గపు మొదట ప్రోస్టేటు అను గ్రంథి యొకటి చుట్టుకొని యుండును. ముసలితనమున అది పెరిగి దారికి అడ్డము వచ్చుట కలదు.

ఈ యేర్పాటున కంతకును ధర్మ మొక్కటే. నీరు పారుచుండవలయును. పారుదల తగ్గినచోట మేట వేయును, నిలిచినచోట క్రుళ్ళును, గట్టు తెగినచోట పొలము మునుగును. రాయి యన్నను, గాయ మన్నను ఈ ధర్మమునకు కలిగిన భంగమే. నేటి ప్రసంగమున రెంటిని కలిపి చెప్పుటకు కారణ మిదియే.

రాయి యెట్లు పుట్టును? సముద్రతీరమున ఉప్పుమడులను చూచినవారు మీలో ఉందురు. మడిలో నీరు ఎండిన కొలది ఉప్పు పలుకులు కట్టును. మూత్రమందును కొన్ని లవణములు కరగి యున్నవి. నీరు చాలినంత యున్నంతవరకు అవి కరగియే పోవును. ఎండలో పనిచేసి, చెమటకు నీరు పోగొట్టుకొని, త్రాగవలసినంత త్రాగనిచో మూత్రము చిక్కబడును. పలుకు కట్టును. ఆ పలుకుమీద మరియొక పొర చేరి, కొంతకాలమునకు రాయి యగును. నూటికి ఎనుబది వరకు రాళ్ళు కాల్షియమను సున్నపు ధాతువుతో కూడినవి. కొన్ని యూరికామ్లముచే ఏర్పడును. కొన్ని మూత్రమున చీము పట్టినందున పెరుగును.

మూత్రపిండములో కదలక యున్న రాయి బాధపెట్టకయు ఉండవచ్చును. అది సన్నని నాళములోనికి జారి అడ్డుపడినప్పుడు కలుగు నొప్పి పడినవారికే తెలియును. వీపు ప్రక్కను మొదలై, పొత్తికడుపునకును తొడ మొదటికిని ప్రాకును. రోగి కూర్చుండలేడు, పరుండలేడు, వాంతి చేసికొనును.

ఇది క్రొత్త రోగము కాదు. మన సుశ్రుతుడు అశ్మరి యని పేరిడి, దాని లక్షణములను, చికిత్సను ప్రత్యేకాధ్యాయములలో వివరించెను. మూత్రాశయములోని రాయిని వ్రేళ్ళతో క్రిందికి నొక్కిపట్టి, రెండు తొడల నడుమ సీవని యను రేఖకు ఎడమప్రక్కగా, యవగింజ యంత ఎడము విడిచి కోసి తీయుమని చెప్పెను. రాయిని పగులనీయక తీయవలయుననియు, పొడి ఏమాత్రము మిగిలినను తిరిగి పెరుగుననియు హెచ్చరించెను. నేటికిని అది సత్యమే. కోయనిచో మరణము నిశ్చయమైనప్పుడే, ఫలము సందేహమని తెలిపి, ప్రభువు అనుమతి పొంది శస్త్రము పట్టుమనెను. ఎన్ని యంత్రములు వచ్చినను వైద్యుడు మరువరాని వినయమిది.

రోగమును వాయిదా వేసినందువలన కలుగు అనర్థమునకు చరిత్రలో గొప్ప నిదర్శన మొకటి కలదు. ఫ్రాన్సు దేశపు చక్రవర్తి మూడవ నెపోలియనునకు మూత్రాశయమున రాయి యుండెను. 1870 జులై మొదట వైద్యులు కూడి పరీక్షించిరి. రాయి యున్నదని వారిలో ఒకరు వ్రాసియిచ్చిరి. లోపల సాధనముతో శోధింపవలయుననిరి. ఆ శోధన జరుగలేదు. ఆ నెల 19వ తేదీననే ప్రష్యాపై యుద్ధము ప్రకటింపబడెను. సెడాన్ వద్ద చక్రవర్తి ఆ బాధతోనే గంటల తరబడి గుఱ్ఱముపై నుండి, సెప్టెంబరు 2వ తేదీన శత్రువులకు చిక్కెను. తరువాత ఇంగ్లండులో హెన్రీ థాంప్సన్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు 1873 జనవరిలో రెండు పర్యాయములు ఆ రాతిని నలుగగొట్టెను. మూడవ పర్యాయము జరుగకముందే, 9వ తేదీన, ఆయన మరణించెను. శవపరీక్షలో మూత్రపిండములు అంతకు చాలకాలము ముందే చెడియున్నట్లు కనబడెను. రాయియే సామ్రాజ్యమును కూల్చినదని నేననను. సామ్రాజ్యము గలవానినైనను ఆలస్యము క్షమింపలేదని మాత్రమే చెప్పుచున్నాను.

రాతిని కోయక తీయుటకు పూనిన ప్రయత్నములు అంతకు ముందే ఆరంభమైనవి. 1824లో పారిసు నగరమున సివియాల్ అను వైద్యుడు మూత్రమార్గముననే సాధనము చొప్పించి రాతిని లోపలనే నలుగగొట్టెను. 1878లో అమెరికాలోని బోస్టనున బిగెలో మత్తుమందు సహాయమున ఒకే కూర్చున రాతిని పొడిచేసి, పొడినంతయు కడిగివేయు పద్ధతి నేర్పెను. 1880 తరువాత మన దేశమున, ఇండోరులో, కీగన్ అను వైద్యుడు చిన్నపిల్లలకును అది క్షేమమేయని చేసి చూపెను.

చిన్నపిల్లలకు రాళ్ళేమిటి యందురేమో. ఆ కాలమున మన దేశమున మూత్రాశయపు రాయి పేదయింటి బాలుర రోగము. దీని కారణమును వెదకినవారిలో రాబర్టు మెక్కారిసన్ ముఖ్యుడు. ఆయన నీలగిరులలోని కూనూరులో ఎలుకలకు వేర్వేరు ఆహారములు పెట్టి చూచెను. ధాన్యపు పిండియే ప్రధానమై, ఏ విటమిను కొరవడిన తిండి తిన్న ఎలుకలకు రాళ్ళు పుట్టినవి. పాలు తగినన్ని త్రాగిన వాటికి పుట్టలేదు. ఈ సంగతులను ఆయన 1931లో ప్రకటించెను. ఒక్క విటమిను కొరతయే కారణము కాదనియు, పాలు మొదలగు పుష్టికరములు లేక గింజలే తిని పెరుగుట మూలమనియు తరువాతివారు గ్రహించిరి. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలసినది. తిండి బాగుపడిన దేశములందెల్ల బాలుర మూత్రాశయపు రాయి తగ్గుచు వచ్చినది. కాని ఉప్పు, మాంసము, కూర్చుండి చేయు పని, స్థూలకాయము హెచ్చినచోట పెద్దలకు మూత్రపిండపు రాయి హెచ్చినది. పేదరికము విడిచిన చోటును కలిమి పట్టుకొన్నది.

రాయిని పొడిచేయు విద్యలో గొప్ప మలుపు విమానముల వలన వచ్చినది. జర్మనీలో డోర్నియర్ అను విమానముల కంపెనీ యుండెను. 1940లో లండను నగరముపై బాంబులు కురిపించిన విమానములలో ఆ కంపెనీవి యును ఉండెను. యుద్ధానంతరము, మహావేగమున పోవు విమానమునకు వానచినుకు తగిలినచో లోహమేల దెబ్బతినునని వారి శాస్త్రజ్ఞులు పరిశోధించుచు, ఆఘాత తరంగములు నీటిగుండను మాంసముగుండను పోయి, గట్టి పదార్థము తగిలినచోట దానిని పగులగొట్టునని తెలిసికొనిరి. మ్యూనిచ్ నగరమున షౌసీ మొదలగు వైద్యులు ఆ తరంగములను రాతిపైకి గురిచేయ నేర్చిరి. 1980 ఫిబ్రవరి 7వ తేదీన మొదటి రోగిని నీటితొట్టిలో పరుండబెట్టి, కత్తి తాకకుండ మూత్రపిండములోని రాతిని ఇసుకగా చేసిరి. ఊళ్ళు కూల్చిన విద్య ఈ విధముగా రాళ్ళు కూల్చుటకు వచ్చినది. ఇప్పుడు సన్నని దుర్భిణితో క్రిందినుండి పోయి లేజరు వెలుగుతో రాతిని పొడిచేయుటయు, పెద్దరాళ్ళను వీపున చిన్న రంధ్రము చేసి తీయుటయు మన పట్టణములలోనే జరుగుచున్నవి.

ఇక గాయముల సంగతి. ఇచ్చటనే నా తప్పును చెప్పవలసియున్నది.

ఏబది యేండ్ల క్రిందటి మాట. నేను చదువు ముగించి క్రొత్తగా ఒక చిన్న ఆసుపత్రిలో పనికి కుదిరితిని. ఒకనాటి రాత్రి ముప్పది యేండ్ల గీతకార్మికుని మంచముపై మోసికొనివచ్చిరి. మోకు తెగి తాటిచెట్టుమీదినుండి జారి, క్రింద పడియున్న మొద్దుపై రెండు కాళ్ళ నడుమ దెబ్బ తగులునట్లు పడినాడు. ప్రొద్దుగూకినది మొదలు మూత్రము రాలేదు. పొత్తికడుపు బిగిసియున్నది. మూత్రద్వారమున నెత్తుటిబొట్టు కనబడుచున్నది. అతని భార్య గుమ్మము కడ నిలిచి, లోపలికి రాలేక, పోలేక, కొంగు నోట క్రుక్కుకొని ఏడ్చుచున్నది.

నాకు తోచిన దొక్కటే: కెథీటరు అను గొట్టము చొప్పించి మూత్రము తీసివేయుదునని. గొట్టము పోలేదు. బలముగా త్రోసితిని. నెత్తురు వచ్చినది. మరల త్రోసితిని. మూడవసారి ఏదియో ఖాళీలోనికి దిగినది. అది మూత్రాశయము కాదు. తెల్లవారి పెద్ద డాక్టరుగారు వచ్చి చూచి, పొత్తికడుపుపై చిన్న గంటు పెట్టి, మూత్రాశయమునకు పైనుండియే గొట్టము వేసిరి. అతనికి ప్రాణము కుదుటబడినది. ఆయన నన్ను ప్రక్కకు పిలిచి, "సగము తెగిన దారిని నీవు పూర్తిగా తెంపితివి" అని, మరేమియు అనక వెళ్ళిపోయిరి. ఆ ఒక్కమాట నాకు ఈనాటికిని వినబడుచున్నది.

తరువాత నేను యుద్ధవైద్యుల వ్రాతలు వెదకి చదివితిని. తుపాకిగుండ్లకును, ఫిరంగి శకలములకును, కూలిన గోడల క్రిందను కటియెముకలు విరిగి మూత్రమార్గము తెగినవారిని రెండు ప్రపంచయుద్ధములలోను వారు అసంఖ్యాకముగా చూచిరి. చూచి చూచి వారు గట్టిపరచిన నీతి యిది. దెబ్బ తగిలిన తరువాత మూత్రద్వారమున రక్తపుబొట్టు కనబడినచో ఆ దారి తెగినదేమో యని శంకింపవలయును. గొట్టము త్రోయరాదు. మందునీరు ఎక్కించి ఎక్సురే తీసి చూడవలయును. దారి తెగియుండినచో పైనుండి మూత్రము మళ్ళించి, తెగిన చోటికి విశ్రాంతి నిచ్చి, తరువాత నెమ్మదిగా బాగుచేయవలయును. తెగిన కాలువను వరద నడుమ పూడ్చబోరు గదా! ముందు నీటిని వేరుదారి పట్టింతురు. పల్లెలో ఏ రైతుకైనను తెలిసిన ఆ యుక్తి ఆ రాత్రి నాకు తోచలేదు.

పది యేండ్లు గడచినవి. నేను వేరొక ఊర పెద్ద ఆసుపత్రిలో ఉంటిని. ఒకనాడు నలువది యేండ్ల మనిషి, వయసునకు మించి ముదిసినవాడు, వచ్చెను. మూత్రము చుక్కచుక్కగా పడుచున్నదట. ఎక్సురేలో మూత్రాశయమున నిమ్మకాయంత రాయి కనబడెను. పొత్తికడుపుపైని పాతమచ్చ చూచి నేను గుర్తుపట్టితిని. అతడు నన్ను గుర్తింపలేదు. గాయము మానుచు మూత్రమార్గము ఇరుకైనది. ఇరుకైనందున నీరు నిలిచినది. నిలిచినందున రాయి పెరిగినది. ఈ పదియేండ్లును అతడు భార్యకు తప్ప ఎవ్వరికిని చెప్పలేదు. పెండ్లికి పోవలసివచ్చినచో ముందటి దినము నుండియే నీళ్ళు త్రాగుట మానివేయునట. నలుగురిలో లేచి పోవలసివచ్చునని భయము. ఆ భయమే రాతికి ఎరువైనది.

నేను తలుపు మూసి, ఆ రాత్రి గొట్టము త్రోసినవాడను నేనేయని అతనితో చెప్పితిని. అతడు చాలసేపు నేలవంక చూచి ఊరకుండెను. తరువాత నన్నాడు: "అయ్యా, ఆ రాత్రి తప్పు మీది. ఈ పదేండ్ల తప్పు నాది. ఇప్పుడు మాత్రము మెల్లగ చేయుండి." రాయి తీసితిమి. ఇరుకైన దారిని నాకంటె నేర్పరియైన వైద్యుడు సరిచేసెను. అతడు మరల చెట్టెక్కలేదు గాని, తన కొమరుని పెండ్లిలో పంక్తిలో కూర్చుండి భోజనము చేసి, కడుపునిండ నీళ్ళు త్రాగెనని విని నేను సంతోషించితిని.

చెట్టుమీదినుండి పడినవారికి వెన్నెముక విరుగుటయు కలదు. అప్పుడు కాళ్ళతోపాటు మూత్రాశయముపై స్వాధీనమును పోవును. 1914లో మొదలైన యుద్ధమున ఇట్టి సైనికులు కొన్ని వారములలోనో, కొన్ని యేండ్లలోనో చాలవరకు మరణించిరి. వారిని చంపినవి గుండ్లు కావు. పడకపుండ్లును, మూత్రమున పట్టిన చీమును. కదలక పడియున్నవారి యెముకలనుండి కాల్షియము కరగి మూత్రమున దిగుటచే రాళ్ళును పుట్టెడివి. హిట్లరు హింసకు తాళలేక 1939లో జర్మనీ విడిచి ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్మన్ అను యూదు వైద్యుడు ఈ నిరాశను అంగీకరింపలేదు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ అను చోట అట్టివారికై ప్రత్యేక విభాగము నెలకొల్పి, రెండు గంటల కొకసారి రోగులను ప్రక్కకు త్రిప్పించెను. మూత్రమును నిలువనీయక శుచిగా తీయించెను. వారిని మంచమునుండి లేపి పనిలోను ఆటలలోను పెట్టెను. 1948 జులై 29న, లండనున ఒలింపిక్ క్రీడలు ఆరంభమైన దినముననే, చక్రపు కుర్చీలలోని 16 మందిచే బాణవిద్యా పోటీ జరిపించెను. నేటి పారాలింపిక్ క్రీడలకు మూలమదియే.

1972లో అమెరికాలో లాపిడీస్ అను వైద్యుడు దీనిని మరింత సులభము చేసెను. సబ్బుతో చేతులు కడుగుకొని, శుభ్రమైన సన్నని గొట్టముతో రోగియే దినమునకు నాలుగైదుసార్లు తన మూత్రాశయమును ఖాళీ చేసికొనవచ్చునని చూపెను. దీనికి పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. ఒకసారి నేర్పినచో గుడిసెలోనైనను చేసికొనవచ్చును. వెన్ను విరిగి మంచము పట్టినవాడు మీ యూర నున్నచో, అతనికి ఈ విద్య ఎవరైన నేర్పిరో లేదో విచారింపుడు.

ఈ శతాబ్దమున జరిగిన యుద్ధముల మాట మరియొకటి. అఫ్గానిస్తానమునందును ఇరాకునందును భూమిలో పాతిన బాంబులు నడచువారి కాళ్ళక్రింద ప్రేలెడివి. తలకును రొమ్మునకును కవచముండుటచేతను, రక్తము కట్టు సాధనములు చేతనుండుటచేతను, ప్రాణములు దక్కినవి. నడుము క్రింది గాయములతో బ్రదికినవారు మునుపెన్నడును లేనంతమంది యైరి. 2001 మొదలు 2013 వరకు అమెరికా సైనికులలో 1,367 మంది పురుషులకు మూత్రజననాంగములు గాయపడినవని 2017లో ప్రకటించిరి. నూటికి 73 మందికి బాహ్యాంగములు దెబ్బతినినవి. వారిలో మిక్కిలి యెక్కువమంది 35 ఏండ్లు మించనివారు. పెండ్లి కావలసినవారు, బిడ్డలను కనవలసినవారు. కాలు పోయిన సైనికుని ఊరు పూలదండలతో ఎదుర్కొనును. ఈ గాయము తగిలినవాడు ఏమని చెప్పుకొనును? 2018 మార్చిలో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 14 గంటలు శ్రమించి, అట్టి సైనికునకు మరణించిన దాతనుండి అంగమార్పిడి చేసిరి. వృషణములను మాత్రము మార్చలేదు. మార్చినచో పుట్టు బిడ్డలు దాత సంతానమగుదురని ధర్మమును విచారించి మానుకొనిరి. కత్తి యెంత ముందునకు పోయినను ధర్మచింత దాని వెంట నుండుట చూచి నాకు సుశ్రుతుడు జ్ఞప్తికి వచ్చెను.

ఇప్పుడు మీకు పనికివచ్చు మాటలు కొన్ని చెప్పి ముగించెదను.

రాతికి మొదటి మందు నీరు. ఇటలీ దేశపు పార్మాలో బోర్గి మొదలగువారు, ఒకసారి రాయి పడిన 199 మందిని రెండు తెగలుగా చేసి ఐదేండ్లు కనిపెట్టిరి. దినమునకు రెండు లీటర్లకు తగ్గకుండ మూత్రము వచ్చునట్లు నీరు త్రాగిన తెగలో నూటికి 12 మందికే మరల రాయి వచ్చినది. తక్కిన తెగలో 27 మందికి వచ్చినది. మూత్రము లేతగడ్డి రంగునకు మించి పచ్చబడకుండ చూచుకొనుడు. వేసవిలో పొలము పనివారు దాహము వేయువరకు ఆగరాదు. నిమ్మరసము మంచిది, ఉప్పు కలుపుకొనకుడు. ఊరగాయలయందు, అప్పడములయందు మితము పాటింపుడు. గుండెకో మూత్రపిండములకో జబ్బు చేసి, నీరు తగ్గింపుమని వైద్యుడు చెప్పినవారికి మాత్రము ఈ నియమము వర్తింపదు.

పాలు, మజ్జిగ మానినచో రాయి రాదని కొందరందురు. అది పొరపాటు. ఆ పార్మా వైద్యులే 2002లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, కాల్షియము తగ్గించి తినిన 60 మందిలో 23 మందికి మరల రాయి వచ్చినది. పాలు మొదలగు వాటిని మానక, ఉప్పును మాంసమును తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చినది.

కొండపిండి ఆకు, అరటిదూట రసము, ఉలవచారు త్రాగి రాయి పడిపోయినదని మీలో కొందరు చెప్పుదురు. చిన్నరాళ్ళు చాలవరకు వాటియంతట అవియే పడిపోవును. ఆకును నేను దూషింపను. ఆకును నమ్ముకొని నెలలు గడపుటను దూషింతును. నొప్పి తగ్గినంతమాత్రమున రాయి పోయినట్లు కాదు. అడ్డుపడిన రాయి నొప్పి లేకుండగనే మూత్రపిండమును చంపివేయవచ్చును. రాయితో పాటు చలిజ్వరము వచ్చినను, మూత్రము బొత్తిగా నిలిచినను, ఉన్నది ఒకే మూత్రపిండమైనను, తెల్లవారువరకు ఆగరాదు. నొప్పి లేక ఒక్కసారి యెఱ్ఱగా మూత్రము పడినను వైద్యునకు చూపవలయును. అది పుండునకు సూచన కావచ్చును.

చెట్టునుండియో, బండినుండియో పడినవానికి కాళ్ళ నడుమ దెబ్బ తగిలి మూత్రద్వారమున రక్తము కనబడినచో, ఎవ్వరిచేతను గొట్టము వేయింపకుడు. శస్త్రవైద్యుడున్న చోటికి తీసికొనిపొండు. నా వంటి తొందరపాటుగాడు దారిలో తటస్థించినచో, మీరే అడ్డుచెప్పుడు.

ముసలివారలారా, ధార సన్నగిల్లుట, రాత్రి నాలుగైదుసార్లు లేచుట వార్ధక్యమని ఊరకుండకుడు. ప్రోస్టేటు గ్రంథి అడ్డమై నీరు నిలిచినచో అక్కడను రాయి పుట్టును. దానికి మందులు కలవు, చికిత్స కలదు.

కడపటి మాట స్త్రీల విషయము. చాటు లేదని, మరుగుదొడ్డి లేదని, ప్రొద్దుగూకువరకు మూత్రమును బిగబట్టి, అందుకొరకే నీళ్ళు త్రాగుట మానివేయు ఆడువారిని నేను పొలములలోను, కూలిపనుల వద్దను చూచితిని. వారికి వచ్చు మంటకు, చీమునకు, రాతికి నేనిచ్చు మందు సగము పనిచేయును. తక్కిన సగము మీ చేతులలో నున్నది. పని జరుగు ప్రతిచోటను చాటుగల తావు, త్రాగుటకు మంచినీరు ఏర్పరచుట ఊరిపెద్దలు చేయగల వైద్యము.

ఆ గీతకార్మికుడు పదియేండ్లు మోసినది నిమ్మకాయంత రాయి. సిగ్గు అంతకంటె బరువైనది. దానిని దింపుటకు కత్తి అక్కరలేదు. ఇంటికి పోయి మీ అన్నదమ్ములను, కొమరులను, కోడండ్రచేత ఆడువారిని ఒక్కమాట అడిగింపుడు: "నీరు బాగుగ పోవుచున్నదా?" పెద్దలైన మీరు అడిగినచో పిన్నలు చెప్పుటకు వెనుదీయరు.